ఓఎస్ ల్యాబ్‌లో ఫ్రీబీఎస్‌డీ: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నది

మా కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌ని ఫ్రీబీఎస్‌డీ మీద నడపడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఈ మధ్య వేరే కాలేజీల లెక్చరర్లు "మా దగ్గర కూడా పెట్టొచ్చా సార్" అని అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఓఎస్ పాఠం చెప్పడానికి దీన్ని మించింది నేను చూడలేదు. పిల్లల లాప్‌టాప్‌లలో వేయించమని మాత్రం ఎవరికీ చెప్పను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బర్క్‌లీ యూనివర్సిటీ బీఎస్‌డీ యూనిక్స్ నుంచి వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇది, 1993లో మొదటి వెర్షన్ వచ్చింది, పూర్తిగా ఉచితం. లినక్స్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే అసలు భాగం) ఒకరు రాస్తారు, కమాండ్లు ఇంకొకరు రాస్తారు, అన్నీ కలిపి మనకిచ్చేది మరొకరు. ఇక్కడ కెర్నల్, లైబ్రరీలు, ఎల్ఎస్, క్యాట్ లాంటి కమాండ్లు, వాటి మాన్యువల్ పేజీలు అన్నీ ఒకే ప్రాజెక్టు వాళ్లు ఒకే సోర్స్ ట్రీలో ఉంచుతారు. ప్లేస్టేషన్ 4 లోపల ఉన్నది దీని నుంచి తయారైన సిస్టమే, నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు నడిచేదీ దీని మీదే. సెమినార్‌లో ఈ మాట చెబితే పిల్లలు ఫోన్‌లోంచి తలెత్తి చూస్తారు, సెమినార్ అయ్యాక మర్చిపోతారు. పోస్టర్లు, స్టిక్కర్లు, ఒక్కరోజు వర్క్‌షాపులు ఎన్ని పెట్టినా అంతే. పిల్లల్ని పట్టి నిలిపేది రూట్ పాస్‌వర్డ్, అంటే సిస్టమ్‌లో ఏదైనా చేయగల అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్. అది వాళ్ల చేతికివ్వండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

మామూలుగా కాలేజీ ల్యాబుల్లో రూట్ ఎవరికీ ఇవ్వరు, ఎందుకివ్వరో అందరికీ తెలుసు. ఫ్రీబీఎస్‌డీలో జైల్స్ అని ఒక ఏర్పాటు ఉంది, 2000లో వచ్చిన 4.0 నుంచీ ఉంది, అంటే ఇలాంటి పనికే ఇప్పుడు చాలామంది వాడే డాకర్ పుట్టడానికి చాలా ముందు నుంచి. ఒకే మెషీన్‌లో ఒక్కో స్టూడెంట్‌కి ఒక్కో జైల్, అందులో వాళ్లే రూట్, బయట ఉన్న సిస్టమ్ మీద మాత్రం చెయ్యి పడదు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఒక జైల్ సిద్ధం చేసి దాన్ని క్లోన్ చేస్తే సెక్షన్‌లో అరవై మందికీ అరవై జైల్స్ తయారు, మార్చిన ఫైళ్లకు తప్ప డిస్క్‌లో అదనంగా చోటు కూడా పెద్దగా పట్టదు. పాడు చేసుకుంటే స్నాప్‌షాట్‌కి, అంటే ముందే దాచుకున్న స్థితికి, వెనక్కి తిప్పడం ఒక్క కమాండ్ పని.

పాడు చేసుకోవాలి కూడా. ఒకమ్మాయి కావాలనే తన జైల్‌లో ఉన్న ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్ కొట్టింది. అన్నీ పోయాయి, ఇనిట్ (సిస్టమ్‌లో మొట్టమొదట నడిచే ప్రోగ్రాం), సీ లైబ్రరీ లాంటివి కొన్ని మాత్రం "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అని మొండికేశాయి. "నేనే రూట్ కదా సార్, నన్నెవరు ఆపుతున్నారు?" అంది. నేను జవాబు చెప్పలేదు. పక్క అబ్బాయి జైల్‌లోకి వెళ్లి మాన్యువల్ తెరిచి, ఫైళ్లకు మామూలు పర్మిషన్లు కాకుండా మార్చకుండా, తుడిచేయకుండా కాపాడే ఫ్లాగ్స్ అని వేరే ఉంటాయని, జైల్ లోపల ఉన్న రూట్‌కి సిస్టమ్ ఫ్లాగ్స్ తీసేసే అధికారం మామూలుగా ఉండదని తనే చదివి కనుక్కుంది. ప్రొటెక్షన్ యూనిట్ మీద నేను బోర్డు నిండా రాసినా అంత బాగా ఎక్కదు.

మన సిలబస్ సంగతి తెలిసిందే. ఎఫ్‌సీఎఫ్‌ఎస్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం, పేజ్ రీప్లేస్‌మెంట్, ఇవన్నీ సీ భాషలో అర్రేలు పెట్టి సిమ్యులేట్ చేయడం, రికార్డు రాయడం, ఎక్స్‌టర్నల్‌కి వైవా చెప్పడం. నాలుగేళ్ల బీటెక్‌లో అసలైన షెడ్యూలర్ (ఏ ప్రోగ్రాంకి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో తేల్చే భాగం) కోడ్ ఒక్క పేజీ కూడా చూడకుండా పాసైపోవచ్చు. అందుకే రౌండ్ రాబిన్ ప్రోగ్రాం అయిపోయిన మరుసటి క్లాసులో ఫ్రీబీఎస్‌డీలో ఉన్న యూఎల్ఈ షెడ్యూలర్ సోర్స్ తెరిపిస్తాను. అంతా అర్థం కాదు, కానక్కర్లేదు. తర్వాత నడుస్తున్న సిస్టమ్ లోపలికి తొంగిచూసే డీట్రేస్‌తో ఒక్క లైన్ రాస్తే ఏ ప్రోగ్రాం ఎన్ని సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ని అడిగే పనులు) చేస్తోందో స్క్రీన్ మీద లెక్కతో సహా వచ్చేస్తుంది. మా జైల్స్ లోపల డీట్రేస్ పనిచేయదు, దానికోసం బీహైవ్‌తో విడిగా వర్చువల్ మెషీన్లు పెట్టుకున్నాం. ఇక మాన్యువల్ పేజీలు ఎంత బాగుంటాయంటే, ల్యాబ్‌లో నెట్ పోయిన రోజు కూడా క్లాసు ఆగదు.

ఇప్పుడు ఇబ్బందులు. మొదటి వారం షెల్ స్క్రిప్టులు సగం నడవవు, ఎందుకంటే పిల్లలు స్క్రిప్టు మొదటి లైన్‌లో బిన్ బ్యాష్ (లినక్స్‌లో మామూలుగా వాడే షెల్ ఉండే చోటు) అని రాస్తారు, ఇక్కడ బ్యాష్ అసలు వేసి ఉండదు, విడిగా వేసినా వేరే డైరెక్టరీలో కూర్చుంటుంది. సీ కంపైలర్ జీసీసీ కూడా అంతే, 10.0 నుంచి సిస్టమ్‌తో పాటు వచ్చేది క్లాంగ్ అనే వేరే కంపైలర్. ఎక్స్‌టర్నల్ వచ్చి జీసీసీ అని కొట్టి "లేదే" అంటే పిల్లలకి టెన్షన్, కాబట్టి పరీక్షలకు ముందే ప్యాకేజీ వేసి పెట్టండి. లాప్‌టాప్‌ల దగ్గర వైఫై పెద్ద తలనొప్పి, కొన్ని చిప్‌లు అసలు పనిచేయవు, పనిచేసినవి చాలాకాలం పాత వేగంతోనే నడిచాయి. ప్లేస్‌మెంట్ పరీక్షల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్ అడుగుతుంది. తెలుగు సంగతికొస్తే, డెస్క్‌టాప్ వేసుకుని ఫాంట్లు పెట్టుకుంటే చదవడానికి, రాయడానికి ఏ ఇబ్బందీ లేదు, ఉత్త కన్సోల్‌లో మాత్రం గుణింతాలూ ఒత్తులూ కుదరవు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు.

హెచ్ఓడీలు అడిగేది ఒకే ప్రశ్న: "సిలబస్‌లో లినక్స్ అని ఉంది కదా, ఇదెందుకు?" ఫోర్క్, పైప్, సెమాఫోర్, షేర్డ్ మెమరీ, ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న ఈ ప్రోగ్రాములన్నీ పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి ప్రమాణం) కాల్సే, ఇక్కడా అవే నడుస్తాయి, చేసి చూపిస్తే ఒప్పుకుంటారు. పిల్లలు అడిగేది వేరు: "దీంతో ఉద్యోగం వస్తుందా సార్?" నేరుగా దీని పేరు మీద మన దగ్గర ఉద్యోగాలు తక్కువ, ఆ మాట దాచకుండా చెప్పేస్తాను. కానీ కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఈ ప్రాజెక్టు 2005లో, అంటే మొదటి ఏడాదే చేరింది. పైగా మాన్యువల్‌లో ఒక వాక్యం సరిచేసి పంపినా శ్రద్ధగా చూసి జవాబిచ్చేవాళ్లున్నారు. మావాళ్లు ఒకరిద్దరు అలాగే మొదలుపెట్టి ఇప్పుడు కెర్నల్ ప్యాచ్‌లు చదువుతున్నారు.

పెట్టాలనుకునేవాళ్లు ల్యాబ్ మొత్తం మార్చేయకండి. సర్వర్‌గా ఒక్క మెషీన్ చాలు, 16 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో రెండు డిస్కులు మిర్రర్ చేసి పెట్టండి, పిల్లలు విండోస్ నుంచే నెట్‌వర్క్ మీద ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి లోపలికి వస్తారు. సెలవుల్లో ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్‌లో జైల్స్ చాప్టర్ పట్టుకుని మీరే ఒకసారి అంతా చేసి చూసుకోండి. డీట్రేస్ దాకా వెళ్లాలనుంటే టీచ్‌బీఎస్‌డీ పేరుతో కోర్సు మెటీరియల్ ఉచితంగా ఉంది, కేంబ్రిడ్జ్‌లో చెప్పిన పాఠాల నుంచి వచ్చింది, పీజీ స్థాయిది కాబట్టి మన సెకండ్ ఇయర్‌కి కొంచెం తగ్గించుకుని చెప్పాలి.