ఫెండర్ జానీ మార్ జాగ్వార్: వాద్యకారుడి అవసరాల్లోంచి పుట్టిన గిటార్

పేరున్న గిటారిస్టుల సంతకంతో వచ్చే మోడళ్లలో చాలావాటికి ఆ సంతకం తప్ప వేరే ప్రత్యేకత ఉండదు. ఒక కొత్త రంగు, హెడ్‌స్టాక్ మీద ఒక పేరు, మామూలు మోడల్ కంటే కొంత ఎక్కువ ధర, అంతటితో సరి. ఫెండర్ సంస్థ తన జాగ్వార్ ఎలక్ట్రిక్ గిటార్‌ను బ్రిటిష్ గిటారిస్టు జానీ మార్ కోసం మార్చి 2012లో విడుదల చేసిన జానీ మార్ జాగ్వార్ మాత్రం ఆ కోవలోకి రాదు. ఇందులో మార్పు చేసిన ప్రతి భాగం వెనుకా దశాబ్దాలపాటు వేదికల మీదా రికార్డింగ్ స్టూడియోల్లోనూ పనిచేసిన మనిషికి ఎదురైన ఏదో ఒక అవసరం కనిపిస్తుంది. కాబట్టి ఆయన చేసిన పని ఏమిటో తెలియకుండా ఈ గిటార్ బాగోగులు తేల్చడం కుదరదు.

మార్ 1963 అక్టోబర్ 31న మాంచెస్టర్‌లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరు అసలు మేహర్. అదే ఊరికి చెందిన బజ్‌కాక్స్ బృందంలో డ్రమ్ములు వాయించే వ్యక్తి పేరూ జాన్ మేహరే కావడంతో, గందరగోళం లేకుండా తన పేరును మార్ అని మార్చుకున్నాడు. 1982లో గాయకుడు మోరిస్సీతో కలిసి ‘ది స్మిత్స్’ బృందాన్ని ప్రారంభించాడు; బేస్ గిటార్‌కు ఆండీ రూర్క్, డ్రమ్ములకు మైక్ జాయిస్ తోడయ్యారు. 1984 నుంచి 1987 వరకు ఆ నలుగురూ నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు ఇచ్చారు. 1987లో మార్ బయటికి వచ్చేనాటికి అతనికి ఇరవై మూడేళ్లే. బ్రిటన్‌లో సింథసైజర్లు రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో, గిటార్ చుట్టూ కట్టిన పాటకు మళ్లీ గౌరవం తెచ్చినవారిలో అతనిది ముందు వరుస.

అతని వాయింపులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది సోలోల (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగాల) మీద ఆసక్తి లేకపోవడం. కర్ణాటక కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి సంగతిని అందుకుని వెంట నడిచినట్టు కాకుండా, మార్ గిటార్ గాయకుడి వరసకు పక్కనే మరో వరసను అల్లుకుంటూ పోతుంది, అయినా ఒక్కచోట కూడా పాటకు అడ్డు రాదు. కార్డును (కలిపి పలికే స్వరాల గుంపును) ఒక్క దెబ్బతో మీటకుండా తీగ తర్వాత తీగగా విడదీసి, దాని మీద రెండో గిటార్, కొన్నిసార్లు మూడో గిటార్ కూడా చేర్చి, చివరికి ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేనంతగా కలిపేస్తాడు. ఇలా వాయించేవారికి కావలసినది పెద్ద చప్పుడు చేసే గిటార్ కాదు. ప్రతి తీగా విడివిడిగా, స్పష్టంగా పలికే గిటార్.

స్మిత్స్ తర్వాత అతను ఒకచోట నిలబడలేదు. మ్యాట్ జాన్సన్‌తో ‘ది ది’ బృందంలోనూ, బెర్నార్డ్ సమ్నర్‌తో ‘ఎలక్ట్రానిక్’ బృందంలోనూ పనిచేశాడు. మన ప్రేక్షకుల్లో స్మిత్స్ పేరు విననివారు కూడా 2010లో వచ్చిన ‘ఇన్‌సెప్షన్’ సినిమాకు హాన్స్ జిమ్మర్ కూర్చిన నేపథ్య సంగీతంలో అతని గిటార్‌ను వినే ఉంటారు. ఈ సమీక్షకు అసలు మలుపు మాత్రం అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఉంది. నలభయ్యో పడిలో ఉన్న మార్, తనకంటే చిన్నవారైన ‘మోడెస్ట్ మౌస్’ బృందంలో చేరి, దాని నాయకుడు ఐజాక్ బ్రాక్ దగ్గరున్న జాగ్వార్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు పుట్టిన వరసలు 2007లో విడుదలైన ఆల్బమ్‌లోకి వెళ్లాయి. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో అది మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత ‘ది క్రిబ్స్’ బృందంలో పనిచేసినప్పుడు జాగ్వారే అతని ప్రధాన వాద్యమైంది. 2013 నుంచి సొంత పేరుతో ఇస్తున్న ఆల్బమ్‌లలోనూ అదే కొనసాగింది.

జాగ్వార్ చరిత్రే విచిత్రమైనది. 1962లో ఫెండర్ దాన్ని తన శ్రేణిలో అన్నిటికంటే ఖరీదైన గిటార్‌గా తెచ్చింది. సర్ఫ్ సంగీతం వాయించేవారు కొంతకాలం ఆదరించారు, తర్వాత అడిగేవారు తగ్గిపోయారు, 1975లో తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో తక్కువ ధరకు దొరకడం వల్లనే అది డబ్బు లేని ఆల్టర్నేటివ్ రాక్ యువకుల చేతికి చేరింది. కెవిన్ షీల్డ్స్, కర్ట్ కోబేన్ వంటి రాక్ గిటారిస్టులతో ఆ గిటార్‌కు రెండో జీవితం దొరికింది. అయితే పాత లోపాలు అలాగే ఉండిపోయాయి. గట్టిగా మీటితే తీగలు బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) శాడిల్స్ మీది, అంటే ఒక్కో తీగను మోసే చిన్న దిమ్మెల మీది, గాడిలోంచి జారిపోయేవి, బ్రిడ్జ్ తన స్తంభాల మీద ఊగేది, పైగా స్విచ్చుల అమరిక కొత్తవారిని తికమకపెట్టేది.

మార్ మోడల్‌లో ఈ మూడింటికీ పరిష్కారం దొరికింది. పాత జాగ్వార్ బ్రిడ్జ్ స్థానంలో ఫెండర్‌దే అయిన మస్టాంగ్ గిటార్ తరహా శాడిల్స్ వచ్చాయి, వాటిలో తీగకు ఒకే లోతైన గాడి ఉంటుంది కాబట్టి కదలదు. స్తంభాలు దిగే చోట నైలాన్ తొడుగులు అమర్చడంతో బ్రిడ్జ్ ఊగదు. ట్రెమోలో ఆర్మ్‌కు (నొక్కి స్వరాన్ని ఊపే కడ్డీకి) కూడా అలాంటి పట్టే ఉంది. వదిలిన చోటే నిలుస్తుంది, కిందికి వేలాడిపోదు. చిన్న విషయాల్లా కనిపిస్తాయి గాని, పాట మధ్యలో చేయి చాపినప్పుడు ఆర్మ్ అనుకున్న చోట అందడం ఎంత అవసరమో వేదిక మీద వాయించినవారికి తెలుసు.

స్విచ్చుల మార్పు ఇంకా లోతైనది. పాత మోడల్‌లో కింది పలక మీదున్న మూడు జారుడు స్విచ్చుల స్థానంలో ఇక్కడ తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే రెండు పికప్‌లను ఎంచుకోవడానికి నాలుగు స్థానాల బ్లేడ్ స్విచ్ ఒకటే ఉంది: బ్రిడ్జ్ పికప్, రెండూ కలిపి ప్యారలల్ (పక్కపక్కన), నెక్ పికప్, రెండూ కలిపి సిరీస్ (ఒకదాని వెంట ఒకటి). ఈ నాలుగో స్థానమే ఈ గిటార్‌కు ప్రాణమని నా అభిప్రాయం. రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు సిరీస్‌లో కలిసినప్పుడు నాదం బరువెక్కుతుంది, మధ్య స్థాయి స్వరాలు ముందుకు వస్తాయి, యాంప్ (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) కొద్దిగా గరగరలాడడం మొదలుపెడుతుంది. పై భాగంలోని రెండు చిన్న స్విచ్చుల్లో ఒకటి అన్ని స్థానాల్లోనూ బరువును కోసి నాదానికి పదును పెడుతుంది, రెండోది సిరీస్ స్థానంలో మాత్రమే ఆ పని చేస్తుంది. చరణంలో పలుచగా, పల్లవిలో నిండుగా వాయించాలనుకునేవారు కాలితో తొక్కే పెడల్ మీద ఆధారపడకుండా ఒక్క వేలి కదలికతో ఆ మార్పు తేవచ్చు. పికప్‌లను ఇంగ్లండ్‌కు చెందిన బేర్ నకిల్ సంస్థ ఈ గిటార్ కోసమే ప్రత్యేకంగా చుట్టింది. అవి పలికే స్పష్టత అబ్బురపరుస్తుంది. ఆరు తీగల కార్డు వాయించినా లోపలి స్వరం ఏదీ మాసిపోదు.

నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) మార్ సొంత 1965 జాగ్వార్ ఆకృతిని అనుసరించింది. స్కేల్ పొడవు (తీగలో మోగే భాగం పొడవు) 24 అంగుళాలు, అంటే స్ట్రాటోకాస్టర్ కంటే ఒకటిన్నర అంగుళాలు తక్కువ. దీనివల్ల వేళ్లు చాపాల్సిన దూరం తగ్గుతుంది, మార్ తరహాలో కార్డును పట్టి ఉంచి పైన చిన్న వరస అల్లడం సుఖంగా ఉంటుంది. అదే కారణంగా తీగలు వదులుగా అనిపిస్తాయి కాబట్టి కొంచెం మందమైన 11 గేజ్ తీగలు వేసుకోవడం మేలు. ఫ్రెట్‌బోర్డ్ వంపు పాత పద్ధతిలో 7.25 అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటుంది. కార్డులకు హాయి, కాని తీగను బాగా లాగి పలికించే బెండ్లకు అనుకూలం కాదు. తీగల ఎత్తు మరీ తగ్గిస్తే పై ఫ్రెట్లలో స్వరం నొక్కుకుపోతుంది.

కొనాలనుకునేవారు ఒక సంగతి స్పష్టంగా గుర్తుంచుకోవాలి. స్మిత్స్ పాటలు ఈ గిటార్ మీద పుట్టలేదు. ఆ కాలంలో అతని చేతిలో ఉన్నవి రికెన్‌బ్యాకర్ 330, టెలికాస్టర్, 1984లో న్యూయార్క్‌లో సైర్ రికార్డ్స్ అధిపతి సీమోర్ స్టైన్ కొనిచ్చిన గిబ్సన్ ఈఎస్-355 వంటివి. అన్ని గిటార్లు చేసిన పనిని ఒకే గిటార్‌లోకి తెచ్చుకునే ప్రయత్నంగా నేను ఈ జాగ్వార్‌ను చూస్తున్నాను. ప్యారలల్ స్థానంలో పదును స్విచ్ వేస్తే రికెన్‌బ్యాకర్ గలగల దగ్గరకు వస్తుంది, సిరీస్ స్థానంలో గిబ్సన్ నిండుదనం ఛాయ కనిపిస్తుంది. ఛాయే గాని అచ్చం అదే కాదు. తనకంటూ సొంత గొంతు ఉన్న వాద్యం ఇది.

లోపాలు లేకపోలేదు. సింగిల్ కాయిల్ పికప్‌లు కావడంతో ట్యూబ్‌లైట్ల దగ్గరా కంప్యూటర్ ముందూ కూర్చుంటే హమ్ (గుయ్‌మనే శబ్దం) వినిపిస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఇది ఇంకా ఇబ్బంది. భారీ డిస్టార్షన్ మీద ఆధారపడే మెటల్ సంగీతానికి ఇది తగదు. ట్రెమోలో కూడా మృదువైన ఊపు కోసమే, లోతుగా నొక్కి ఆడుకోవడానికి కాదు. అమెరికాలో తయారవుతుంది కాబట్టి మన దేశానికి వచ్చేసరికి పన్నులతో కలిపి ధర లక్ష దాటి చాలా దూరం వెళ్తుంది, కాబట్టి నేర్చుకునే దశలో ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయలేను.

సొంతంగా పాటలు కట్టుకునేవారికి, గాయకుడి పక్కన ఒక్కరే గిటార్ వాయించే చిన్న బృందాల్లోని వారికి, క్లీన్ టోన్‌తో ఆర్పెజియోలు (తీగ తర్వాత తీగగా విడదీసిన కార్డులు) వాయించడం ఇష్టపడేవారికి మాత్రం, స్తోమత ఉంటే, నిస్సంకోచంగా చెబుతాను: ఈ ధరలో ఇంత ఆలోచించి చేసిన గిటార్లు అరుదు. కొనేముందు నాలుగు స్థానాలనూ తక్కువ వాల్యూమ్‌లో, క్లీన్ యాంప్ మీద వాయించి చూడండి. తర్వాత జాగ్వార్లతో పనిచేసిన అనుభవం ఉన్న మెకానిక్ చేత, బరువు తీగలకు తగ్గట్టు నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ), బ్రిడ్జ్ ఎత్తు, నెక్ వంపు ఒకేసారి సరిచేయించుకోండి.