గ్రెలినా, పీవైవైనా?

ఆకలి మీద లండన్‌లో స్టీఫెన్ బ్లూమ్ బృందం చేసిన పనిలో రెండు పేపర్లను పక్కపక్కన పెట్టి చదివితే మజా. ఒకటి ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ గురించి, రెండోది ఇక చాలనిపించే పీవైవై (PYY) అనే హార్మోన్ గురించి.

గ్రెలిన్ ప్రధానంగా జీర్ణాశయంలో తయారవుతుంది. 1999లో దాన్ని కనిపెట్టింది జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా. 2001లో బ్లూమ్ బృందం 9 మంది ఆరోగ్యవంతులకు ఒకరోజు ఉత్త సెలైన్, ఇంకోరోజు గ్రెలిన్ ఎక్కించి, కావలసినంత తినమని బఫే పెట్టింది. గ్రెలిన్ ఎక్కిన రోజు 28 శాతం ఎక్కువ లాగించారు. మరి దాన్ని అడ్డుకుంటే బరువు తగ్గుతామా? అంత తేలిక కాదు. గ్రెలిన్ జన్యువు తీసేసిన ఎలుకలు కూడా దాదాపు మామూలుగానే తిన్నాయి.

పీవైవై పేగుల చివరి భాగాల్లోంచి, తిన్న తర్వాత రక్తంలోకి వస్తుంది. 2003 పేపర్‌లో 12 మంది ఊబకాయులకు, 12 మంది సన్నటివాళ్లకు దీన్ని ఎక్కించారు. రెండు గంటల తర్వాత బఫేలో ఊబకాయులు 30 శాతం, సన్నటివాళ్లు 31 శాతం తక్కువ తిన్నారు. అసలు విశేషం ఇదే: ఆకలిని తగ్గించే ఇంకో హార్మోన్ లెప్టిన్ ఊబకాయుల దగ్గర సరిగ్గా పనిచేయదు; ఇది మాత్రం అలా మొరాయించలేదు. పైగా వాళ్ల ఒంట్లో సహజంగా ఉన్న పీవైవై తక్కువని కూడా తేలింది. చిక్కల్లా డోసు పెరిగితే వచ్చే వికారంతోనే.

బరువు తగ్గడానికైతే నా ఓటు పీవైవైకే. క్యాన్సర్‌తో తిండి సహించనివాళ్లకు మాత్రం గ్రెలినే పనికొచ్చేలా ఉంది. వాళ్లకు గ్రెలిన్ ఎక్కించి చూసిన ప్రయోగమూ ఈ బృందమే చేసింది.