రీబిల్డ్ చేసిన పాత పవర్‌బోటు: నాకు బాగా నచ్చింది ఒక లీవర్

బోటు వేగం ఎలా ఉంది, గట్టిగా ఉందా అని అడిగేవాళ్లకు ఒక్క మాటలో చెప్పేస్తాను: బాగుంది. అడుగు లోతైన వీ ఆకారం. డిజైనర్ రే హంట్ గీసిన ఇలాంటి హల్ (బోటు ఒళ్లు) 1960లో మయామీ–నస్సావు పవర్‌బోటు రేసు గెలిచినప్పటి నుంచి ఎదురుకెరటాల్లో దీని సత్తా ఏంటో అందరికీ తెలుసు. రీబిల్డ్‌లో చివికిపోయిన ప్లైవుడ్ అంతా కోసి తీసేసి స్ట్రింగర్లు (అడుగున పొడవునా ఉండే దూలాలు), ట్రాన్సమ్ (వెనక గోడ) కొత్తగా కట్టారు. ఎక్కడ సుత్తితో తట్టినా డొల్ల చప్పుడు రాదు. డెక్ మీదికి ఎక్కిన నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. నడిసముద్రంలో పని చేయడానికని తయారుచేసిన బోటుకు ఇవి ఉండి తీరాలి, కాబట్టి వీటికి మార్కులు వేయను.

నా మార్కులన్నీ ఇంజిన్ గదిలో పక్కపక్కన బిగించిన రెండు డీజిల్ ఫిల్టర్లకు, డీజిల్ ఏ ఫిల్టర్ గుండా పోవాలో మార్చే, వాటి మధ్య ఉన్న లీవర్‌కు, స్టీరింగ్ పక్కనున్న చిన్న వాక్యూమ్ గేజ్‌కు.

డీజిల్‌ని ట్యాంకు నుంచి పంపు లాక్కుంటుంది. ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ ఇంకా గట్టిగా లాగాలి. ఆ లాగుడే గేజ్‌లో కనిపిస్తుంది. కొత్త ఫిల్టర్ ఉంటే ముల్లు సున్నా దగ్గరే తచ్చాడుతుంది. స్లో స్పీడ్‌లో చూసి లాభం లేదు, ఫుల్ లోడ్ మీద చూడాలి. మా దాంట్లో ఎర్ర ముల్లు ఇంకొకటి ఉంది. అసలు ముల్లు ఎంతవరకు ఎక్కిందో అది అక్కడే ఆగి ఉంటుంది, నొక్కితేగానీ కిందికి రాదు. రోజూ పని అయ్యాక నేను మొదట చూసేది దాన్నే.

దీని విలువ తెలిసింది ఒక సాయంత్రం. డైవర్లను ఎక్కించుకుని తిరిగి వస్తున్నాం. గాలి ముదిరింది, కెరటాలు దగ్గరదగ్గరగా లేస్తున్నాయి. బోటు ఎగిరి పడుతుంటే ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి అంతా కదిలి డీజిల్‌లో కలిసింది. ముందు తెలిసింది చెవికి కాదు, కంటికి. అప్పటిదాకా రెండు దగ్గరున్న ముల్లు ఐదుకొచ్చి, చూస్తుండగానే ఎనిమిది మీదికి పోయింది. ఆ తర్వాతే ఆర్పీఎం పడడం మొదలైంది. వేగం తగ్గించి అరిచాను. మా హెల్పర్ హ్యాచ్ ఎత్తి లీవర్ రెండో ఫిల్టర్ వైపు తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారి తడబడి మళ్లీ అందుకుంది. ముల్లు కిందికి దిగింది. వెనక కూర్చున్న డైవర్లకు ఏం జరిగిందో కూడా తెలియదు.

ఒకే ఫిల్టర్ ఉండి ఉంటే ఇంజిన్ ఆగేది. డీప్-వీ బోటు పరుగులో ఎంత నిలకడగా ఉంటుందో, ఆగితే అంతగా పొర్లుతుంది. కెరటానికి అడ్డం తిరిగి పీపాలా దొర్లుతున్న బోటులో, వేడి ఇంజిన్ పక్కన వంగి, ఫిల్టర్ మార్చి, డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీసి స్టార్ట్ చేయడమంటే మాటలు కాదు. మర్నాడు ఆ ఫిల్టర్ విప్పితే కాగితం మడతలన్నీ నల్లటి జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి, కింది గిన్నెలో నీటి గోళీలు. డీజిల్, నీళ్లు కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగితే తయారయ్యేది ఈ జిగురే.

కొన్న కొత్తలో ఇది చాలా గొప్ప ఏర్పాటని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను. లీవర్‌ను రెండు ఫిల్టర్ల నుంచీ డీజిల్ వచ్చేలా మధ్యలో పెట్టి నడిపితే రెండూ ఒకేసారి మూసుకుపోతాయి, ఇక స్పేర్ ఉన్నా లేనట్టే. పక్కన ఉన్నదాన్ని డీజిల్‌తో నింపి ఉంచకపోతే తిప్పగానే ఎయిర్ పట్టి ఇంజిన్ ఆగుతుంది. గేజ్ కోసం వేసిన జాయింటు వదులైతే బయట చుక్క కూడా కారదు, లోపలికి గాలి పీలుస్తుంది. ఆర్పీఎం ఎగుడుదిగుడుగా ఉంటుంది, కారణం దొరకదు. దానికోసం నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

అసలు డెక్ అంతా కోసినవాళ్లు పాత ట్యాంకు ఎందుకు తెరవలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ సాయంత్రం తర్వాత నేనే ట్యాంకు లోపలి ఒక్కో అరకూ ఒక మూత పెట్టించి కడిగించాను. ఆ తర్వాత ఎర్ర ముల్లు మూడు దాటడం అరుదు. అంటే ఇన్నాళ్లూ నేను పొగిడిన ఫిల్టర్లు చాలావరకు వేరేవాళ్లు వదిలేసిన పని చేస్తున్నాయన్నమాట.

మాది తీరానికి దూరంగా, గాలివానలోనూ పోవాల్సిన పని, తోడు ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడు. అలాంటివాళ్లు ఈ బోటు ధైర్యంగా చూడొచ్చు. గట్టు కనిపించేంత దూరంలో తిరిగేవాళ్లకు ఇంత హంగు అక్కర్లేదేమో. ఒంటరిగా వెళ్లేవాళ్లకైతే లీవర్ ఇంజిన్ గదిలో ఉండడం నాకు నచ్చదు. దాన్ని తిప్పాలంటే స్టీరింగ్ వదిలి వెళ్లాలి, అదీ వదలకూడని సమయంలో.