బీఫార్మసీతో అమెరికా ఫార్మసిస్ట్ లైసెన్సు ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి

బీఫార్మసీ, ఎంఫార్మసీ చదివి అమెరికా, కెనడా వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు, పెళ్లయి అక్కడికి వెళ్లబోతున్న ఆడపిల్లల తల్లిదండ్రులు దయచేసి ఇది చివరిదాకా చదవండి. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ "ఎఫ్‌పీజీఈఈ కోచింగ్ ప్లస్ లైసెన్సు" ప్యాకేజీ అని చెప్పి మా పెద్దమ్మ కూతురి దగ్గర 1,80,000 రూపాయలు తీసుకుంది. ఎఫ్‌పీజీఈఈ అంటే బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకు అమెరికా వాళ్లు పెట్టే పరీక్ష. అసలు అది రాయడానికే అక్కకు అర్హత లేదు. డబ్బు తీసుకున్న రోజునే ఆ సంగతి వాళ్లకు తెలుసని నా గట్టి నమ్మకం. వ్యవహారం వినియోగదారుల కమిషన్‌లో ఉంది కాబట్టి ఆ సంస్థ పేరు రాయడం లేదు.

ముందు రూలు చెప్తాను, ఎందుకంటే మోసమంతా దాని చుట్టూనే నడిచింది. బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు అమెరికాలో లైసెన్సు దారి పట్టాలంటే, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ ఇచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ కావాలి, పైన చెప్పిన పరీక్ష దీనికోసమే. ఈ సంస్థను అందరూ ఎన్‌ఏబీపీ అంటారు. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పొందినవాళ్లకు ఆ ఫార్మసీ డిగ్రీ కనీసం 5 ఏళ్ల కోర్సు అయి ఉండాలి. మన బీఫార్మసీ 4 ఏళ్లే. 2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) 6 ఏళ్ల కోర్సు కాబట్టి వాళ్లకు ఈ అడ్డు లేదు. అక్క 2014లో బీఫార్మసీ, తర్వాత ఎంఫార్మసీ పూర్తి చేసింది.

ఆ ఆఫీసులో కౌన్సెలర్ చెప్పింది ఏంటంటే, "4 ప్లస్ 2 మొత్తం 6 మేడమ్, మీకు ఏ టెన్షనూ లేదు". లెక్క వినడానికి బాగుంది. కానీ ఎన్‌ఏబీపీ చూసేది మొదటి ఫార్మసీ డిగ్రీ ఎన్నేళ్లదని. పైన చదివిన ఎంఫార్మసీని దానికి కలపరు. ఇది దాచిపెట్టిన రూలేమీ కాదు, వాళ్ల వెబ్‌సైట్‌లో అర్హతల పేజీలోనే ఉంది. రోజూ ఇదే వ్యాపారం చేసేవాళ్లు ఆ పేజీ చూడలేదంటే నేను నమ్మను.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. వాళ్ల గోడ మీద బీఫార్మసీతోనే అమెరికాలో ఫార్మసిస్టులైన సీనియర్ల ఫొటోలు ఉన్నాయి. అవి నిజమే కావచ్చు కూడా. 2003కి ముందు డిగ్రీ తీసుకున్నవాళ్లకు 4 ఏళ్ల కోర్సు సరిపోయేది. అమెరికాలోనే ఫార్మ్‌డీ తప్ప వేరే డిగ్రీతో ఫార్మసిస్ట్ కాలేని పరిస్థితి వస్తున్న కాలం అది, అందుకే బయటివాళ్లకూ నియమం పెంచారు. మీ కాలేజీ సీనియర్ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బీఫార్మసీతోనే ఫార్మసిస్ట్‌గా చేస్తున్నారని ఎవరైనా చూపిస్తే, ముందు ఆయన పాసైన సంవత్సరం అడగండి. పాత విజయాన్ని చూపించి కొత్తవాళ్ల దగ్గర ఫీజు గుంజడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

డబ్బు కట్టాక "ఫైల్ ప్రాసెస్‌లో ఉంది" అన్న ఒక్క మాటే నెలల తరబడి వినిపించింది. అప్లికేషన్ నంబర్ అడిగితే రేపు, ఎల్లుండి. చివరికి అక్కే ఎన్‌ఏబీపీకి ఈమెయిల్ రాసింది. జవాబు మర్యాదగా, స్పష్టంగా వచ్చింది: 4 ఏళ్ల డిగ్రీతో అర్హత లేదు. కన్సల్టెన్సీ వాళ్లు అప్లికేషన్ అసలు పెట్టనే లేదని అప్పుడు తేలింది. రీఫండ్ అడిగితే కోచింగ్ మెటీరియల్ ఇచ్చేశాం కదా అన్నారు. గట్టిగా నిలదీస్తే మాత్రం ఇంకో దారి చెప్పారు, అందుకే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. ఇంకొంత కడితే "ఫార్మ్‌డీ ట్రాన్‌స్క్రిప్ట్స్ చేయిస్తాం" అన్నారు. అక్క అక్కడి నుంచి లేచి వచ్చేసింది. మీరూ అలాగే రండి. దొంగ సర్టిఫికెట్ పెట్టి దొరికితే లైసెన్సు ఆశ పోవడంతో ఆగదు, వీసాకీ ముప్పే, పైగా ఇక్కడ క్రిమినల్ కేసు.

అర్హత ఉన్న ఫార్మ్‌డీ వాళ్లకు కూడా ఒక మాట. ఎఫ్‌పీజీఈసీ వచ్చిందంటే లైసెన్సు వచ్చినట్టు కాదు. ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, టోఫెల్ రెండూ దాటితేనే ఆ సర్టిఫికెట్. తర్వాత మీరుండే రాష్ట్రం బోర్డు దగ్గర ఇంటర్న్‌గా నమోదై గంటలు పూర్తి చేయాలి, చాలా రాష్ట్రాల్లో అది 1,500 గంటల దాకా ఉంటుంది. ఆ తర్వాత నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, అక్కడి చట్టం మీద ఇంకో పరీక్ష. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వెళ్లేవాళ్లకు ఉద్యోగానికి ఈఏడీ అనే పని అనుమతి కావాలి, అది రావాలంటే సాధారణంగా భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి. అక్క విషయంలో బావ వీసా ఏ దశలో ఉందని ఆ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. ఫీజు తీసుకోవడానికి మాత్రం అన్ని వివరాలూ అడిగారు.

కెనడా పరిస్థితి వేరు, అక్కడ మన 4 ఏళ్ల బీఫార్మసీతో దారి ఉంది. ముందు ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడాలో నమోదై నేషనల్ ఐడీ నంబర్ తీసుకోవాలి, తర్వాత పీఈబీసీ (కెనడా ఫార్మసీ పరీక్షల బోర్డు) దగ్గర డాక్యుమెంట్ ఎవాల్యుయేషన్, ఎవాల్యుయేటింగ్ పరీక్ష, క్వాలిఫయింగ్ పరీక్ష రెండు భాగాలు, ఆపైన మీ ప్రావిన్స్ అడిగే శిక్షణ, చట్టం పరీక్ష. క్యుబెక్ దారి మళ్లీ వేరు. ఎన్నిసార్లైనా రాయొచ్చన్న మాట నమ్మకండి, ప్రయత్నాలకు పరిమితి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా పీఆర్ దరఖాస్తు పద్ధతి) ఫార్మసిస్ట్‌గా వెళ్లేవాళ్లకు డిగ్రీ అసెస్‌మెంట్ పీఈబీసీ నుంచే కావాలి. మాకు తెలిసిన ఒకమ్మాయికి ముందు వెస్ (మామూలు డిగ్రీలను అసెస్ చేసే సంస్థ) రిపోర్టు చేయించి, అది చాలని చెప్పి ఇంకో ఏజెంట్ ఫీజు తీసుకున్నాడు.

ట్రాన్‌స్క్రిప్ట్స్ మా ద్వారానే పంపాలని ఎవరన్నా నమ్మకండి. కాకతీయ అయినా, జేఎన్‌టీయూ అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు, పీఈబీసీ కోరేదే యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలని. ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చే లెటర్ కూడా అంతే. మధ్యలో ఏజెంట్ చేయి పడితే లాభం లేకపోగా అనుమానం పెరుగుతుంది.

ఆస్ట్రేలియాకు ఇంకా కాప్స్ (బయటి ఫార్మసిస్టులకు పెట్టిన పాత పరీక్ష) మెటీరియల్ అమ్ముతున్నవాళ్లు కనిపిస్తున్నారు. 2025 నుంచి దాని స్థానంలో ఓప్రా పరీక్ష వచ్చింది, పాత పుస్తకాలకు డబ్బు పోయకండి. బ్రిటన్‌లో బయటి ఫార్మసిస్టుల కోసం ఉన్న ఓస్పాప్ కోర్సు పూర్తయినా ఇంకో ఏడాది ట్రైనింగ్, రిజిస్ట్రేషన్ పరీక్ష మిగిలే ఉంటాయి.

కాబట్టి ఎవరికైనా రూపాయి కట్టే ముందు, మీ డిగ్రీ పేరు, ఎన్నేళ్ల కోర్సు, పాసైన సంవత్సరం రాసి ఆ దేశపు సంస్థకే ఈమెయిల్ పెట్టండి. దానికి ఖర్చేమీ లేదు. ఆ జవాబు చేతికొచ్చాక కోచింగ్ కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. మంచి కోచింగ్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లు లైసెన్సు గ్యారంటీ అనరు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వదిలేయకండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే కేసు వేయొచ్చు, మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫైలింగ్ ఫీజు లేదు, 2 ఏళ్లలోపు వేయాలి. అక్కకు పనికొచ్చినవి ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, "4 ప్లస్ 2" అని కౌన్సెలర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్, ఎన్‌ఏబీపీ జవాబు. చాట్‌లు చెరిపేయకండి, మిగిలిన వాయిదా కట్టకండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే గొడవ మొదలుపెట్టక ముందే అవి వెనక్కి తెచ్చుకోండి.