జామర్ హైడ్రాలిక్ డైనమోమీటర్: మణికట్టు నొప్పి దగ్గర ఎంత పనికొస్తుంది?

జామర్ అంటే హ్యాండిల్ పిండించి చేతి పట్టు బలాన్ని డయల్ మీద కొలిచే పరికరం. నొప్పి ఉన్న చేత్తో ఒక్కసారి పిండించి అంకె రాసుకుంటే పట్టు తగ్గిందని తెలుస్తుంది, అంతే. ఆ మాట పేషెంటే ముందు చెప్పి ఉంటాడు. ఈ పరికరం రోగ నిర్ధారణకు పనికొచ్చేది పోల్చి చూసినప్పుడే.

ముందు భంగిమ. కూర్చోబెట్టాలి. భుజం ఒంటికి ఆని ఉండాలి, మోచేయి 90 డిగ్రీలు, బొటనవేలు పైకి, మణికట్టు వెనక్కి 30 డిగ్రీలు దాటకూడదు. హ్యాండిల్‌కున్న ఐదు స్థానాల్లో రెండోది. ఒక్కో చేతికి మూడుసార్లు కొలిచి సగటు తీయాలి, ప్రతిసారీ ముల్లు సున్నాకి తిప్పాలి. మణికట్టు లోపలికి వంగితే వేళ్ల కండరాలు ముందే కుదించుకుపోయి అంకె పడిపోతుంది. అది జబ్బు కాదు. కుడిచేతి వాటం వాళ్లకి కుడి పట్టు 10 శాతం దాకా ఎక్కువుండటం కూడా మామూలే.

దీని అసలు సత్తా చిటికెనవేలి వైపు నొప్పిలో కనిపిస్తుంది. అరచేయి పైకి పెట్టించి కొలవాలి, తర్వాత కిందికి తిప్పించి కొలవాలి. కిందికి తిప్పి గట్టిగా పిండితే అల్నా (ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక) రేడియస్‌ని (బొటనవేలి వైపు ఎముకని) దాటి ముందుకొచ్చి టీఎఫ్‌సీసీని (మణికట్టులో ఆ వైపున్న మృదులాస్థి మెత్తని), పక్కనున్న చిన్న ఎముకల్ని నొక్కుతుంది. అల్నార్ ఇంపాక్షన్, అంటే అల్నా ఇలా ఒత్తుకుని నొప్పెట్టే జబ్బు, ఉంటే ఆ నొప్పికే పట్టు సడలుతుంది. ఉదాహరణకు నొప్పి చేతిలో పైకి 24 కిలోలు, కిందికి 16 వస్తే నిష్పత్తి 1.5. బాగున్న చేతిలో 30, 29 వస్తే దాదాపు 1. ఈ తేడా కనిపిస్తే ఎక్స్‌రేకి పంపడానికి కారణం దొరికినట్టే, కానీ నిర్ధారణ అయిపోయినట్టు కాదు.

మోచేయి చాపినప్పుడు పట్టు బాగా పడిపోతుంటే టెన్నిస్ ఎల్బో (మోచేయి బయటివైపు నొప్పి) సంగతి చూడాలి. డీక్వెర్వేన్‌కి (మణికట్టు దగ్గర బొటనవేలి వైపు వచ్చే నొప్పి జబ్బుకి) దీని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అక్కడ చూడాల్సిన బొటనవేలి పించ్ (వేళ్ల మధ్య నొక్కే బలం) కొలవడానికి పించ్ గేజ్ విడిగా కొనుక్కోవాల్సిందే.

లోపాలు లేకపోలేదు. బాగా బలహీనమైన చేతుల్లో చిన్న మార్పులు డయల్ మీద పట్టుబడవు. స్థానం మార్చేటప్పుడు హ్యాండిల్ తిరగేసి బిగిస్తే రీడింగ్ తప్పుతుంది. కింద పడితే లోపలి ఆయిల్ కారొచ్చు, అందుకే ఏడాదికోసారి కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) తప్పదు. ఐదు స్థానాల్లోనూ అంకెలు ఒకేలా వస్తే పేషెంట్ నటిస్తున్నాడని తేల్చేసేవాళ్లున్నారు. నిజంగా నీరసించిన చేతికీ గ్రాఫ్ అలాగే చదునుగా వస్తుంది. ఇంకా అతకని ఎముక, కొత్తగా కుట్టిన టెండాన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) ఉన్న చేతికి మాత్రం దీన్ని అసలు ఇవ్వకూడదు.