జెండా లేని యాభయ్యా, ఆర్యభట రెండు రూపాయలా?

మా అక్క కొడుక్కి పాత నోట్ల పిచ్చి పట్టింది. వాడి పుట్టినరోజుకి ఒక నోటు కొందామని బెంగళూరు అవెన్యూ రోడ్డుకి వెళ్తే, రెండింటి మధ్య ఇరుక్కుపోయాను.

మొదటిది 1975 నాటి యాభై రూపాయల నోటు, ఊదారంగుది. వెనక పార్లమెంటు భవనం. అమ్మే ఆయన భూతద్దం నా చేతికిచ్చి పైన చూడమన్నాడు, చూస్తే కర్ర ఉంది కానీ జెండా లేదు! తర్వాత వేసిన నోట్లలో జెండా ఎక్కించారట. "ఎమర్జెన్సీ కదా సార్, అందుకే తీసేసినారు" అన్నాడు చిత్తూరు యాసలో. నమ్మేసేవాణ్నే, కానీ ముందువైపు తిప్పితే గవర్నర్ ఎస్. జగన్నాథన్ సంతకం కనిపించింది. ఆయన పదవి నుంచి దిగింది 1975 మే 19న, ఎమర్జెన్సీ వచ్చింది జూన్ 25న. కథకి అక్కడే కాళ్లు విరిగాయి, ధర మాత్రం తగ్గలేదు.

రెండోది రెండు రూపాయల నోటు. ఒకప్పుడు దీని మీద పులి ఉండేది, 1976లో మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట ఎక్కింది. 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని తయారుచేసింది ఎక్కడో కాదు, మనం రోజూ బెంగళూరు మెట్రోలో ఫోన్ చూసుకుంటూ దాటిపోయే పీణ్యలో, ఇండస్ట్రియల్ షెడ్లలో. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద పైకి వెళ్లింది, కొద్ది రోజులకే కరెంటు సమస్య వచ్చి లోపలి ప్రయోగాలు ఆగిపోయాయి. అయినా నోటు మీద ఏళ్ల తరబడి ఊరూరా తిరిగింది, కూరగాయల బండి దగ్గర చిల్లరగా కూడా.

హైదరాబాద్ సంస్థానం 1918 నుంచి సొంతంగా వేసుకున్న నోట్లు కూడా అడిగాను, వాటి మీద తెలుగు అక్షరాలుంటాయని ఆశ. కానీ అసలేదో నకిలీ ఏదో తేల్చుకునే కన్ను నాకు లేదు, పైగా పిల్లాడి చేతికిచ్చే సరుకు కాదు.

నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు రూపాయలదే మేలు. చవక, సులువుగా దొరుకుతుంది, మడత పడని నోటు కూడా మన బడ్జెట్‌లోకి వస్తుంది. యాభై కొంటే మాత్రం కథ విని కాదు, సంతకం చూసి కొనండి. ఏది కొన్నా దయచేసి లామినేషన్ చేయించకండి, దాంతో నోటు విలువ పోయినట్టే.

"పుట్టినరోజుకి రెండు రూపాయలా?" అంది అక్క ఫోన్‌లో. వాడు ఫోన్ లాక్కుని, పీణ్య ఎప్పుడు తీసుకెళ్తావు మామా అని మొదలుపెట్టాడు.