ఒంటికాయ శొంఠికొమ్ము ప్రాసెస్‌లు: లైబ్రరీ దారి ఎక్కడ రాస్తే మేలు?

నాలుగు ప్రాసెస్‌లతో నడవమని ప్రోగ్రాంను పురమాయిస్తే, నాలుగూ ఒకే జవాబు చెప్పాయి: ‘నా ర్యాంకు 0, మొత్తం ప్రాసెస్‌లు 1.’ 0, 1, 2, 3 అని వరుసగా పలకాల్సినవి ఎవరికి వారే ఒంటికాయ శొంఠికొమ్ములై కూర్చున్నాయి. ఒకే ప్రోగ్రాంను అనేక ప్రాసెస్‌లుగా నడిపి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేసే ఎంపీఐ ప్రమాణంతో పనిచేసేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే దృశ్యమే ఇది. మొదటిసారి చూసినప్పుడు నేను నా కోడ్‌నే అనుమానించి రెండు రోజులు వెతికాను. తప్పు అక్కడ లేదు. ఎంపిచ్, ఓపెన్ ఎంపీఐ ఆ ప్రమాణాన్ని అమలుచేసే రెండు వేర్వేరు లైబ్రరీలు. కంపైల్ చేసింది ఎంపిచ్‌కు చెందిన ఎంపీఐసీసీ ఆదేశంతో, నడిపింది ఓపెన్ ఎంపీఐకి చెందిన ఎంపీఐరన్ అనే లాంచర్‌తో. లాంచర్ పిలుపు లోపలి లైబ్రరీకి అర్థం కాలేదు. తనను ఎవరూ పిలవలేదనుకుని ప్రతి ప్రాసెస్ విడిగా మొదలైపోయింది. ఎర్రర్ సందేశం ఒక్కటి వచ్చినా రెండు రోజులు మిగిలేవి.

దీన్ని పట్టుకోవడం నిజానికి నిమిషం పని. ప్రోగ్రాంకు ఏ లైబ్రరీలు దొరుకుతున్నాయో చూపే ఎల్‌డీడీ ఆదేశాన్ని దాని మీద నడిపి, లిబ్‌ఎంపీఐ అనే లైబ్రరీ ఫైలు పేరు చివరి సంఖ్య చూడాలి. 12 ఉంటే ఎంపిచ్ కుటుంబం, 40 ఉంటే ఓపెన్ ఎంపీఐ. ఎంపీఐసీసీ, ఎంపీఐరన్ రెండూ ఒకే డైరెక్టరీ నుంచి వస్తున్నాయో లేదో విచ్ ఆదేశం చెబుతుంది. 2025లో వచ్చిన ఎంపీఐ 5.0 ప్రమాణం లైబ్రరీలను ఒకదాని బదులు ఒకటి వాడుకునేందుకు ఉమ్మడి ఏబీఐని (కంపైల్ అయిన కోడ్ స్థాయిలో కుదిరే ఒప్పందాన్ని) నిర్దేశించింది. కానీ లాంచర్‌కూ ప్రాసెస్‌కూ మధ్య నడిచే సంభాషణ అందులోకి రాదు. కాబట్టి జత కుదర్చడం ఇంకా మన పనే.

జత కుదిరాక అసలు ప్రశ్న వస్తుంది. నడిచే సమయంలో లైబ్రరీ ఎక్కడుందో ప్రాసెస్‌కు ఎవరు చెప్పాలి? దారులు మూడు: షెల్ నుంచి ప్రాసెస్‌కు అందే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, బైనరీలోనే (కంపైల్ అయిన ప్రోగ్రాం ఫైలులోనే) రాసే ఆర్‌పాత్, లైబ్రరీని లోపలే కలిపేసే స్టాటిక్ లింకింగ్.

ఎల్‌డీ లైబ్రరీ పాత్ నోటిమాట లాంటిది. ఇప్పటికిప్పుడు చెప్పవచ్చు, మార్చవచ్చు, మళ్లీ బిల్డ్ చేయనక్కర్లేదు. ఒక్క కంప్యూటర్ మీద, ఒక్క టెర్మినల్‌లో బాగానే నడుస్తుంది. రెండో నోడ్ మీద, అంటే గుంపులోని ఇంకో కంప్యూటర్ మీద, ప్రాసెస్ మొదలయ్యేసరికి ‘లిబ్‌ఎంపీఐ దొరకలేదు’ అని ఆగిపోతుంది. ఫైలు అక్కడా ఉంది, కానీ ఆ మాట అక్కడిదాకా చేరలేదు. లాంచర్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించే సాధనం) ద్వారా వెళ్లినప్పుడు అవతల తెరుచుకునేది మనిషి కూర్చుని ఆదేశాలు టైపు చేసే షెల్ కాదు. ఉబుంటులో అలవాటుగా వచ్చే, షెల్ మొదలైనప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలు తెరిచి చూడండి. ‘ఇది ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే ఇక్కడితో ఆగు’ అనే అర్థంలో మొదట్లోనే నాలుగు వరుసలు ఉంటాయి. మనం వేరియబుల్‌ను అమర్చే ఎక్స్‌పోర్ట్ వరుసను అలవాటుగా ఆ ఫైలు చివర అతికిస్తాం. దాన్ని చదివేవారే ఉండరు.

ఓపెన్ ఎంపీఐలో దీనికి ఉపాయాలున్నాయి. ఎంపీఐరన్‌ను పూర్తి దారితో పిలిస్తే అవతలి నోడ్‌లో దారులను తనే సర్దుకుంటుంది. ఎక్స్ ఆప్షన్‌తో వేరియబుల్‌ను చెప్పి పంపవచ్చు. అయినా ఈ పద్ధతి మీద నాకు గురి లేదు. దాని ప్రభావం మన ప్రోగ్రాంతో ఆగదు. అది పుట్టించే ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ సంక్రమిస్తుంది. మన ప్రోగ్రాం మధ్యలో పైథాన్‌ను పిలిస్తే, ఆ పైథాన్ మన డైరెక్టరీలోని పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని ఎత్తుకుని, కావలసిన వెర్షన్ లేదని మొరాయిస్తుంది. ఆ ఎర్రర్ చూసి పైథాన్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవారిని నేను ఎరుగుదును.

ఆర్‌పాత్ అంటే దారిని ప్రోగ్రాం నుదుట రాసేయడం. ఏ నోడ్‌కు వెళ్లినా, ఏ షెల్ నుంచి పుట్టినా రాత దానితోనే ఉంటుంది, పక్క ప్రోగ్రాంలకు అంటదు. పూర్తి దారి బదులు డాలర్ ఆరిజిన్ అని రాస్తే బైనరీ ఉన్న చోటి నుంచే లెక్క మొదలవుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో చోటికి కదిలించినా పనిచేస్తుంది. మేక్ అనే బిల్డ్ సాధనం చదివే మేక్‌ఫైల్‌లో ఇది రాసేటప్పుడు డాలర్‌ను రెండుసార్లు వేసి, కొటేషన్‌లో పెట్టాలి. లేదంటే మేక్ ఆ డాలర్‌ను తనకోసమే అనుకుని మింగేస్తుంది.

ఇందులోనూ రెండు మెలికలున్నాయి. మొదటిది రన్‌పాత్. ఉబుంటు వంటి లినక్స్ పంపిణీల్లో లింకర్‌ను (కోడ్ ముక్కలను కలిపి బైనరీ చేసే సాధనాన్ని) ఆర్‌పాత్ అడిగితే అలవాటుగా రన్‌పాత్ రాస్తుంది. పేర్లు దగ్గరే, నడత వేరు. నడిచేటప్పుడు లైబ్రరీలను వెతికి తెచ్చే లోడర్ ఆర్‌పాత్‌ను ఎల్‌డీ లైబ్రరీ పాత్ కన్నా ముందు చూస్తుంది, రన్‌పాత్‌ను దాని తర్వాత. పైగా రన్‌పాత్ ఒక తరానికే పరిమితం. మన ప్రోగ్రాంకు నేరుగా కావలసిన లైబ్రరీని వెతికి పెడుతుంది గానీ, ఆ లైబ్రరీకి కావలసిన లైబ్రరీని వెతకదు. ప్రోగ్రాంలో దారి సరిగ్గా ఉన్నా మధ్యలోని లైబ్రరీ దగ్గర గొలుసు తెగడానికి తరచూ కారణం ఇదే. బైనరీ లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌కు డీ ఆప్షన్ ఇస్తే రెండింటిలో ఏది రాసి ఉందో కనబడుతుంది.

రెండోది సీమేక్ అనే బిల్డ్ సాధనం చేసే ఉపకారం. బిల్డ్ డైరెక్టరీలో ఉన్నంతసేపూ దారిని తనే రాసి పెడుతుంది, ఇన్‌స్టాల్ చేసే క్షణంలో చెరిపేస్తుంది. పరీక్షలన్నీ పాసై, ఇన్‌స్టాల్ అయిన కాపీ మాత్రం నడవకపోతే ముందు ఇక్కడ చూడాలి. సీమేక్ ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ అనే విలువ ఇస్తే సరిపోతుంది. ఎంపీఐ మార్చినప్పుడు పాత బిల్డ్ డైరెక్టరీని పూర్తిగా తీసేయడం కూడా మంచిది. కాష్ ఫైలులో పాత కంపైలర్ దారి అలాగే ఉండిపోతుంది.

స్టాటిక్ అంటే సద్దిమూట కట్టుకుని బయలుదేరడం. దారిలో ఎవరినీ అడగనక్కర్లేదు. దీని మీద వినిపించే పెద్ద అభ్యంతరం మెమరీ: షేర్డ్ లైబ్రరీ అయితే అన్ని ప్రాసెస్‌లూ ఒకే కాపీని పంచుకుంటాయి, స్టాటిక్ అయితే ఎవరి కాపీ వారిదే అంటారు. ఎంపీఐ విషయంలో ఈ మాట నిలవదు. ఒక నోడ్ మీద నడిచే 64 ప్రాసెస్‌లూ ఒకే బైనరీ నుంచి పుట్టినవే కాబట్టి, ఆ బైనరీలోని కోడ్ పేజీలను కెర్నెల్ ఎలాగూ ఒకసారే ఉంచి అందరికీ చూపిస్తుంది. వేర్వేరు బైనరీలు పక్కపక్కన నడిచే సర్వర్లలోనే ఆ వాదనకు బలం.

పైగా భారీ క్లస్టర్‌లో స్టాటిక్‌కు నిజమైన లాభం ఉంది. వెయ్యి ప్రాసెస్‌లు ఒక్కోటి వంద లైబ్రరీలు తెరవాలంటే, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద ఒకే క్షణంలో లక్ష అభ్యర్థనలు పడతాయి. ప్రోగ్రాం మొదలవడానికే నిమిషాలు పట్టవచ్చు. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల స్పిండిల్ అనే సాధనాన్ని తయారుచేసింది సరిగ్గా ఈ తొక్కిసలాట తగ్గించడానికే.

మరి ఎందుకు వద్దంటాను? లినక్స్‌లోని మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీని స్టాటిక్‌గా కలిపితే, హోస్ట్ పేరు వెతికే ఫంక్షన్ దగ్గర లింకర్ హెచ్చరిస్తుంది: నడిచేటప్పుడు ఇదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలి అని. మూట కట్టుకున్నాక కూడా చెయ్యి చాచాల్సి వస్తే ఇక మూట ఎందుకు? ఓపెన్ ఎంపీఐ తన విభాగాలను ప్లగిన్‌లుగా నడిచేటప్పుడు తెచ్చుకునేలా కట్టి ఉంటే అక్కడా చిక్కే. భద్రత సంగతి వేరే చెప్పాలి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు షేర్డ్‌గా వాడినవారు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఒక్కసారి మార్చి, ప్రాసెస్‌లను తిరిగి మొదలుపెడితే సరిపోయింది. స్టాటిక్‌గా కలిపినవారు ప్రతి బైనరీనీ మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌కు ముఖం చూపని గణన ప్రోగ్రాంకు ఇది అంత పెద్ద భయం కాదనుకోండి.

నా ఓటు ఆర్‌పాత్‌కే, అదీ డాలర్ ఆరిజిన్‌తో. మన సొంత చిన్న లైబ్రరీలను మాత్రం స్టాటిక్‌గా కలిపేస్తాను, ఎంపీఐనీ జీలిబ్‌సీనీ షేర్డ్‌గానే వదిలేస్తాను. ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను రోగనిర్ధారణకే వాడతాను: దానితో నడిచి, లేకుండా నడవకపోతే బైనరీలో రాత తప్పని తేలుతుంది. ఎల్‌డీడీని లాగిన్ నోడ్ మీద ఒక్కసారి చూసి ఊరుకోను. ప్రోగ్రాం బదులు ఎల్‌డీడీనే ఎంపీఐరన్‌కు అప్పగిస్తే, ప్రతి నోడ్‌లో ఏ లైబ్రరీ దొరికిందో ఆ నోడే చెబుతుంది. పదహారు నోడ్‌లలో ఒక్కటి మాత్రమే పాత దారి చూపిన రోజున ఆ ఒక్కదాన్ని నేను పట్టుకున్నది అలాగే.